తవుడు పోసి కొన్న బిడ్డ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అబద్ధమేమీ కాదు. పంతొమ్మిది వందల యాభైల చివర్లో నెల్లూరులో ఒక మిషను ఆసుపత్రిలో పిల్లల వార్డుకు నర్సుగా చేరాను. బిడ్డకు బాగాలేదని తెలిసి కూడా, పసర్లూ తాయెత్తులూ అన్నీ అయ్యాక చివరాఖర్న మా దగ్గరికి తెచ్చేవాళ్లను చూస్తే నా నోరు ఊరుకునేది కాదు. ముందు తిట్టేదాన్ని. తిట్టడం అయ్యాక, పాపం పొద్దుటినుంచీ ఏమీ తిని ఉండరు గదా అని గంజి కాయించి పోయించేదాన్ని. "నర్సమ్మ తిట్టిందంటే బిడ్డ దక్కినట్టే" అని వార్డులో ఒక మాట పుట్టింది. తిట్టినా దక్కని బిడ్డలు ఉన్నారని నాకు తెలుసు. అయినా ఆ మాట చెవిన పడితే లోపల సంతోషంగానే ఉండేది.

అట్లాగే ఒకసారి ఒక పిల్లను తీసుకొచ్చారు, తోటపల్లి గూడూరు అవతల, సముద్రం దగ్గరి ఊరినుంచి. నాలుగు కయ్యల్లో వరి పండించుకునే సంసారం. తల్లి, తండ్రి, తండ్రిని కన్న ముసలామె, ముసలామె చంకలో రెండేళ్ల పిల్ల. బండి దిగి లోపలికి రాగానే ఆ పిల్ల నా నెత్తి మీది టోపీ లాగింది. లాగి పకపకా నవ్వింది. ఆ నవ్వేటప్పుడే కిటికీ వెలుతురు పడి, దాని ఎడమ కంటి నల్లగుడ్డు మధ్యలో తెల్లగా ఏదో మెరిసింది.

"ఎన్నాళ్లనించి ఇట్టుంది?" అని అడిగాను.

"ఎడగారు పంట కోతలప్పటి నించి," అంది ముసలామె. "దీపం పెట్టే యాళకు పిల్లికన్ను మాదిరి మెరస్తా ఉండె. ముందు అదృష్టమనుకున్నాం. తర్వాత పువ్వేసిందని నందివర్ధనం పూలు పిండినాం. తల్లిపాలు గూడా పిండినాం."

కంట్లో పువ్వు వేయడమంటే కంటి మీద తెల్లటి మచ్చ రావడం. ఇది మీద లేదు, లోపల ఉంది.

"ఇన్ని నెలలూ పూలు పిండుకుంటా కూర్చున్నారా? ఆసుపత్రి అనేది ఒకటుందని మీ ఊళ్లో ఎవురూ చెప్పలేదా?" అని అరిచాను.

"నువ్వొచ్చి చెప్పకపోతివా మ్మే?" అంది ముసలామె, కాస్త కూడా జంకకుండా. "ఇప్పుడు తెచ్చినాం గదా. చూడు."

ఆ మాటతోనే ఆమె నాకు నచ్చేసింది. నాకు ఎదురు చెప్పేవాళ్లు ఆ వార్డులో బహు తక్కువ.

మా డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. మద్రాసులో పెద్ద కంటాసుపత్రికి వెంటనే పొమ్మంది. నాకు అరవం కాస్త వచ్చు గనుక నన్ను తోడు పంపింది. రైల్లో దారి పొడుగునా ఆ పిల్ల నా ఒళ్లోనే ఆడుకుంది. తెల్లచీరంటే దానికేం మోజో, కొంగు నోట్లో కుక్కుకుని చప్పరించేది.

అక్కడి పెద్ద డాక్టరు పిల్లకు మత్తిచ్చి రెండు కళ్లూ చూశాడు. చూసి నన్ను పక్కకు పిలిచాడు. కంటి లోపల కాన్సరు, చిన్నపిల్లలకే వచ్చే రకం అన్నాడు. కుడి కన్ను ఇప్పటికి బాగుంది. ఎడమ కన్ను మొత్తంగా తీసేస్తే పిల్ల బతుకుతుంది. తీయకపోతే ఆ గడ్డ కంటి వెనక నరం వెంబడి మెదడుకు పాకుతుంది, ఆ తర్వాత ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు. ఇదంతా వాళ్లకు వాళ్ల భాషలో నువ్వే చెప్పు, అన్నాడు.

కాన్సరంటే వాళ్లకు తెలియదు. రాచపుండు అన్నాను. ఆ మాట వినగానే తండ్రి మొహం పాలిపోయింది.

"రాచపుండు ముసిలోళ్లకు గదక్కా వచ్చేది? పాలు తాగే బిడ్డకేంది?" అన్నాడు.

ముసలామె గోడకు చేరగిలబడింది. తల్లి నేల మీద కూర్చుని, పిల్లను ఒళ్లో పెట్టుకుని, దాని ఎడమ కన్ను మీద తన అరచెయ్యి కప్పింది. పిల్ల అది ఆటనుకుంది. ఆ చేతిని పక్కకు నెట్టి నవ్వింది, మళ్లీ కప్పమని తనే తల్లి చెయ్యి తీసి కంటి మీద పెట్టుకుంది.

ఆలోచించుకుని వస్తామని తండ్రి అన్నాడు. ఆలస్యం మాత్రం చేయొద్దని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు. నెల్లూరు వచ్చాక వీళ్లను ఊరికి పోనిస్తే మళ్లీ రారని నాకు భయం పట్టుకుంది. కయ్యల్లో నాట్లు, ఇంట్లో గొడ్లు, ఊళ్లో తలా ఒక మాట. మా ఆసుపత్రి వెనకాల, రోగుల తాలూకు మనుషులు వండుకు తినేందుకు ఒక రేకుల సాల ఉండేది. వాళ్లను అక్కడ కూర్చోబెట్టి, "మాట తేల్చకుండా కదిలినారంటే నేనూరుకోను" అన్నాను.

మాట తేలలేదు. మా డాక్టరమ్మ తండ్రిని అడిగితే, "కన్నతల్లి గదమ్మా, ఆమెను చెప్పనీ" అన్నాడు. తల్లిని అడిగితే, "పెద్దామె ఉండాది గదమ్మా" అంది. ముసలామెను అడిగితే, "తండ్రి ఉండంగా నేనేం చెప్పేది?" అంది. గానుగెద్దు మాదిరి ఆ మాట ముగ్గురి చుట్టూ తిరుగుతూనే ఉంది. లోపల గడ్డ పెరుగుతూ ఉంది. నేను విడమర్చి చెప్పాను, బతిమాలాను, చివరికి తిట్టాను.

"మీకు కన్ను కావాలా, బిడ్డ కావాలా?" అని సాల దద్దరిల్లేలా అరిచాను. పక్క పొయ్యిల వాళ్లు గరిటెలు పట్టుకుని మా వైపు తిరిగారు.

అప్పుడు తల్లి నోరు విప్పింది. ఆమెకు ఇరవై దాటాయో లేదో.

"బిడ్డే కావాలక్కా. నాకు తెలవదా? తీసుకునిపోయి తీసేయండి, నేను అడ్డం పడను. తీయండని మాత్రం నా నోట రాదు. రేపది పెద్దదయ్యి, 'అమ్మా, నా కన్ను ఎందుకు పెరికించినావు' అంటే నేనేం చెప్పేది? దేవుడు తీసుకున్నాడంటా, ఎవురో తీసేసినారంటా. నేనే తీయమన్నానని ఏ మొహం పెట్టుకుని చెప్పేది?"

తెచ్చిన గంజి చెంబు అక్కడ పెట్టి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే బావి దగ్గర ముసలామె నన్ను పట్టుకుంది. మా ఆసుపత్రి నీళ్లు ఆమె తాగేది కాదు. మేం కిరస్తానీలం. ఊరినుంచి తెచ్చుకున్న ముంతలో నీళ్లు అయిపోతే, ఎండలో నడిచి వీధి చివర తమవాళ్ల ఇంటికి పోయి నింపుకొచ్చేది. ఆ రోజు కూడా బావికి ఎడంగానే నిలబడి మాట్లాడింది.

"నర్సమ్మా, బిడ్డను నువ్వు కొనుక్కో."

"ఏందీ?"

"నీకు అమ్ముతాం. తవుడు పోసి కొనుక్కో."

మా వైపు ఈ పద్ధతి ఉండేది. బిడ్డలు నిలవని ఇంట్లో, పుట్టిన బిడ్డను ఇంకొకరికి చేటెడు తవుడుకు అమ్మేసేవాళ్లు. బిడ్డ ఆ ఇంట్లోనే పెరుగుతుంది, ఆ తల్లి పాలే తాగుతుంది, పేరుకు మాత్రం కొన్నవాళ్ల బిడ్డ. చావు వెతుక్కుంటూ వస్తే, "ఇది మాది కాదు, అమ్మేసినాం" అని చెప్పి వెనక్కి పంపేయొచ్చు. అందులోనూ తవుడుకు అమ్ముడుపోయిన బిడ్డంటే, అంత చవక సరుకు చావుకు మాత్రం ఎందుకు?

"దీనికంటే ముందు ఇద్దరు పోయినారు," అంది ముసలామె. "ఇది పుట్టినప్పుడే అమ్మేద్దామని నేనన్నా. నా కొడుకు ఇనలా. ఉండే ఒక్కదాన్ని అమ్ముకుంటానా అన్నాడు. ఇప్పుడు చూడు ఏమైందో. నువ్వు కొంటే బిడ్డ నీది. కన్ను తీయమనేది నువ్వు. రేపు అడిగినా నిన్నే అడగతాది. దాని తల్లి ఆ మాట అనాల్సిన పన్లేదు."

"అవ్వా, నేను ఆదివారం చర్చికి పోయేదాన్ని. ఇట్టాంటియ్యన్నీ నాకాడ చెప్పబాకు. నా చేతి నీళ్లు తాగవు గానీ నాకు బిడ్డనమ్ముతావా?"

"నీళ్లు ఏరే, బిడ్డ ఏరే," అంది. "అయినా నువ్వు కిరస్తానీ దానివి గాబట్టే అడగతా ఉండా. మా వాళ్లకు అమ్మితే యముడు ఆ ఇల్లు గూడా ఎరుగును. మీ దేవుడు ఏరే గదా? మా యముడికి మీ గడప యాడ తెలస్తాది?"

"మా ఇళ్లల్లో ఎవురూ చావరా?"

"చస్తారు. దానికి మీవాళ్లు ఏరే ఎవురో ఉండుంటారు."

ఏడవాలో నవ్వాలో తెలియక, నావల్ల కాదని చెప్పి విసవిసా వార్డులోకి వచ్చేశాను. మందులు పోస్తున్నానే గానీ మనసు మనసులో లేదు. యముడి సంగతి ఎట్లా ఉన్నా, తల్లి సంగతి ముసలామె సరిగ్గానే పట్టుకుంది. ఆ ముగ్గురికీ పిల్లంటే ప్రాణం. అందుకే ఆ మాట గొంతు దాటడం లేదు. ఎవరైనా బయటి మనిషి అంటే వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. పాస్టరు గారు ఏమంటారో, మా నాన్న ఏమంటాడో అని నేను బిగుసుకు కూర్చుంటే పోయేది ఆ పిల్ల ప్రాణం. నా మీద నాకే కోపం వచ్చింది. మధ్యాహ్నం సాలలోకి పోయి, "తవుడు ఎంత కావాల?" అని అడిగాను.

ముసలామె చేతులు జోడించింది.

"కొంటే నాదే గదా? నేను చెప్పిందే గదా?" అని ముందే గట్టి చేసుకున్నాను.

"నీదే. నువ్వు కొట్టినా తిట్టినా మేం అడగం."

"తిట్టేది ఎట్టాగూ ఉండేదే," అన్నాడు తండ్రి మెల్లగా. ఆయన నోట నవ్వు మాట వినడం అదే మొదలు.

మా వార్డు ఆయా ఇంట్లో గేదె ఉంది. ఆమె చేటెడు తవుడు తెచ్చింది. మొలగొలుకుల వడ్లు దంచిన తవుడు, కమ్మటి వాసన వస్తోంది. ముసలామె నన్ను తూర్పు వైపు నిలబెట్టింది. ఎదురుగా తల్లి పిల్లనెత్తుకుని నిలబడింది. వంటలు ఆపి అందరూ చుట్టూ మూగారు. టోపీ పెట్టుకుని, చేతిలో చేట పట్టుకుని నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

"ఏమ్మే, ఏం కావాలని వచ్చినావు?" అంది ముసలామె, నన్ను ఎన్నడూ చూడనట్టు.

"బిడ్డ కావాలని."

"ఏం పోస్తావు?"

"తవుడు పోస్తా."

"ఇంత మంచి బిడ్డను తవుడుకిస్తామా?"

ఇక్కడ నేను బిడ్డను చులకన చేసి మాట్లాడాలట. ఎంత తీసిపారేస్తే అంత మంచిదట. తిట్టడం నాకు ఒకరు నేర్పనక్కర్లేదు గానీ ఆ పూట నోరు పెగల్లేదు. పిల్ల నన్నే చూస్తోంది. చూస్తూ చూస్తూ వంగి, చేటలోంచి పిడికెడు తవుడు తీసి నా చీర మీద చల్లింది.

"ఈ చీమిడిముక్కుదానికి తవుడు గూడా దండగే! ఊకిచ్చినా ఎక్కువే!" అనేశాను.

"అదీ మాట!" అంది ముసలామె తృప్తిగా. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

తవుడు పట్టాలంటే తల్లి రెండు చేతులా కొంగు పట్టాలి. కొంగు పట్టాలంటే పిల్లను వదలాలి. ఆమె పిల్లను చూసింది, అత్తను చూసింది, పిల్లను నా చంకకు ఎక్కించి కొంగు పట్టింది. నేను చేట కుమ్మరించాను. ఆమె పిల్లనే చూస్తూ ఉండిపోతే సగం తవుడు నేలపాలైంది. అయినా ఏడవలేదు. ముసలామె అప్పుడు ఇంకొక కట్టుబాటు చెప్పింది. గండం తీరిందని డాక్టర్లు చెప్పేదాకా తల్లి ఆ పిల్లను "నా బిడ్డ" అనకూడదు. చావు వింటుందట. బువ్వ పెట్టొచ్చు, పక్కలో పడుకోబెట్టుకోవచ్చు, ఆ మాట మాత్రం నోట రాకూడదు. తల్లి తల ఊపింది.

ఆ వారంలోనే మళ్లీ మద్రాసు పోయాం. పెద్ద డాక్టరు తండ్రిని, "ఏమయ్యా, తీసేయమంటావా?" అని అడిగాడు. తండ్రి తువ్వాలు చేతుల్లో నలుపుకుంటూ, "ఆమెనడగండి సామీ, బిడ్డ ఆమెది" అన్నాడు. డాక్టరు నా వైపు వింతగా చూశాడు. నాకొచ్చిన అరవంలో తవుడు సంగతంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, "అయితే నువ్వు చెప్పమ్మా" అన్నాడు.

నేను పిల్ల వైపు చూశాను. అది బల్ల మీద కూర్చుని కాళ్లూపుతోంది. ఆ మాట నాకూ ఒక పట్టాన నోట రాలేదు. తవుడు పోసి కొన్న బిడ్డకే ఇట్లా ఉంటే కడుపున మోసిన ఆ పిచ్చితల్లికి ఎట్లా ఉండాలి అనిపించింది. "తీసేయండి సార్, బతికించండి" అన్నాను. వేలిముద్ర తండ్రి వేశాడు. మాట మాత్రం నాది.

కన్ను తీసేశారు. కట్టుతో పిల్లను బయటికి తెచ్చి పడుకోబెట్టారు. మత్తు దిగి అది ఏడుపందుకుంటే తల్లి గబగబా నా దగ్గరికి వచ్చి, "అక్కా, మీ బిడ్డ ఏడస్తా ఉండాది, ఎత్తుకునేదా?" అని అడిగింది.

"ఎత్తుకోవే! అడగతావేందే!" అని కసిరాను. కసిరి, మొహం గోడకు తిప్పుకుని ఏడ్చాను.

నెల్లూరు వచ్చేసరికి నేను బిడ్డను కొన్న సంగతి ఊరంతా పాకింది. ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరు గారు నన్ను ఆపారు.

"బిడ్డను కొన్నావంట గదమ్మా?"

"కొన్నానండి."

"తవుడు పోసి?"

"అవునండి. ఆ నమ్మకం నాకు లేదు, వాళ్లకుంది. బిడ్డ బతికింది."

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నారు. "సరే, వచ్చే వారం సంఘమంతా ఆ బిడ్డ కోసం ప్రార్థన చేద్దాం. ఎవరి బిడ్డని చెప్పాలి? నీ బిడ్డనా, వాళ్ల బిడ్డనా?"

"ఎవరి బిడ్డనైనా చెప్పండి, ముందు చెయ్యండి!" అని ఆయన మీద కూడా అరిచాను. ఆయన నవ్వుకుంటూ పోయారు. ప్రార్థన చేశారు, పిల్ల ఇంటిపేరుతో సహా చెప్పి చేశారు.

ఇంతటితో అయిపోలేదు. రెండో కంట్లో కూడా ఈ జబ్బు రావొచ్చని డాక్టరు ముందే చెప్పాడు. అందుకని పిల్ల పెద్దదయ్యేదాకా కొన్ని నెలలకొకసారి మద్రాసు పోయి, మత్తిచ్చి కుడి కన్ను చూపించుకుని రావాలి. పోయిన ప్రతిసారీ నేను సెలవు పెట్టి తోడు పోయేదాన్ని. చూడ్డం అయ్యేదాకా తల్లి పచ్చి మంచినీళ్లు ముట్టేది కాదు. "మీ బిడ్డ కన్ను బాగుందంటక్కా?" అని అడిగేది. బాగుందంటే అప్పుడు చెంబెత్తి గటగటా తాగేది.

తండ్రి కోతలైన ప్రతిసారీ బస్తా బియ్యం బండిలో వేసుకొచ్చి మా ఇంటి ముందు దించేవాడు. ఎందుకయ్యా ఇదంతా అని నేను కేకలేస్తే, "మీ బిడ్డ కయ్యలో పండినయ్యి, మీకు కాకుంటే ఎవురికి?" అనేవాడు. ముసలామె కూడా వెంట వచ్చేది. ఒక ఏడు మా నాన్న మర్యాదకైనా ఇమ్మంటే కాఫీ ఇచ్చాను. ముసలామె తీసుకుని తాగేసింది. నేను బిత్తరపోయి చూస్తుంటే, "కాఫీ నీళ్లెట్టవతాయి మ్మే?" అంది.

పిల్ల సంగతి చెప్పాలంటే, అది రాక్షసి. నన్ను కొన్నమ్మా అని పిలిచేది. దానికి మద్రాసులో గాజుకన్ను పెట్టించాం. బళ్లో అయ్యవారు బయటికి పోయినప్పుడు ఆ కన్ను ఊడదీసి ఆయన బల్ల మీద పెట్టి, "మాట్లాడితే ఇది చూస్తాది, చెప్తాది" అని క్లాసంతటినీ బెదిరించిందట. అయ్యవారు తిరిగొచ్చి బల్ల మీద కన్ను చూసి కెవ్వుమన్నాడట. తండ్రి వచ్చి నాకు ఫిర్యాదు చేశాడు. "మీ బిడ్డ చేసిన పని చూడండక్కా" అంటూ తనే నవ్వలేక చచ్చాడు.

ఒకసారి మా ఇంట్లో నా పక్కన పడుకుని, "కొన్నమ్మా, నా కన్ను నువ్వే తీయించినావంట గదా?" అని అడిగింది. దానికప్పుడు అయిదేళ్లుంటాయి. ఎప్పుడో ఒకనాడు అడుగుతుందని తెలుసు.

"అవునే, నేనే తీయించినా. అందులో పాడు గడ్డ లేసింది. ఉంచితే నిన్ను తినేసుండేది."

"మాయమ్మ ఒద్దనలేదా?"

"మీయమ్మకు నువ్వంటే ప్రాణం. చెప్పలేకపోయింది. నేను గయ్యాళిదాన్ని గదా, నేను చెప్పినా."

అది కాసేపు ఆలోచించింది. "ఇంకో కన్ను మాత్రం తీయించబాక. అది నాకు కావాల," అంది. ఇటు తిరిగి నా మీద కాలేసి నిద్రపోయింది. నాకు నిద్ర పట్టలేదు.

ఆ పిల్ల తర్వాత మా డాక్టరమ్మ ఇట్లాంటి కుటుంబాలన్నిటినీ నాకే అప్పజెప్పేది. అందరివీ తీసేస్తే పోయే జబ్బులు కావు. సంగం వైపు నుంచి వచ్చిన ఒక పిల్లాడికి రక్తంలో కాన్సరు. ఆ రోజుల్లో దానికి మా దగ్గర మందు లేదు, మద్రాసులోనూ పెద్దగా లేదు. వాళ్లమ్మ సాలలో కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటే నేనూ పక్కన కూర్చుని తీసేదాన్ని. పిల్లాడు పోయాక కూడా ఆమె చాలా ఏళ్లు నన్ను చూడ్డానికి వచ్చేది. ఆమెను మాత్రం నేను ఒక్కనాడూ తిట్టలేదు.

అరవైల నడుమ, పిల్ల మూడో తరగతిలో ఉండగా మళ్లీ మద్రాసు పోయాం. ముసలామె అంతకు ముందు ఏడే పోయింది. పెద్ద డాక్టరుకు జుట్టంతా నెరిసింది. ఈసారి మత్తు కూడా ఇవ్వలేదు. పిల్ల బుద్ధిగా కూర్చుని పైకీ కిందికీ చూసింది. ఆయన చాలాసేపు చూసి టార్చి ఆర్పేశాడు.

"ఇక భయం లేదమ్మా. ఈ వయసు దాటాక రెండో కంటికి రాదు. ఇంక నా దగ్గరికి రానక్కర్లేదు," అన్నాడు.

వరండాలోకి వచ్చి వాళ్లకు తెలుగులో చెప్పాను. తండ్రి బెంచీ మీద కూలబడి తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. తల్లి నిలబడే ఉంది. నాకు సంతోషం పట్టలేకుండా ఉంది.

"విన్నావు గదా? గండం తీరింది. ఇంక నీ బిడ్డ నీదే. ఏదీ, ఒక్కసారి అను," అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "వద్దక్కా. మీ బిడ్డగా ఉంటేనే బతికింది. ఇట్నే ఉండనీ."

"అవ్వ చెప్పింది గండం తీరేదాకనే గదా?"

"తీరిందని డాక్టరన్నాడు. చావు అనలేదు గదక్కా." ఆమె గొంతు మామూలుగానే ఉంది. ఎప్పుడో తీర్మానించుకున్న మాట. "బువ్వ పెడతా ఉండా, తల దువ్వతా ఉండా. ఆ ఒక్క మాట అనకుంటే నాకేం తక్కువ? అది నూరేళ్లుంటే చాలు. నేను జన్మంతా అనకపోయినా ఏం పర్వాలా."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇన్నేళ్లు నోరు కట్టుకున్నది చాలదా ఈ మనిషికి?

"నాకెందుకే నీ బిడ్డ? నాకొద్దు! తీసుకునిపో!" అని అరిచాను. వరండాలో అందరూ తిరిగి చూశారు.

"నాకూ వద్దక్కా! మీకే ఉండనీ!" అని ఆమె కూడా అరిచింది. అన్నేళ్లలో ఆమె నా మీద గొంతెత్తడం అదే మొదలు.

పిల్ల మా ఇద్దరి మధ్యా నిలబడి ఉంది. తల్లి దానికి ఎడమ పక్కన ఉంది. ఆమెను చూడాలంటే అది తల మొత్తం తిప్పాలి. తిప్పి తల్లిని చూసింది, మళ్లీ నన్ను చూసింది.

"నేను ఎవురికీ వద్దా?" అంది.

ఏడవలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

తల్లి అక్కడే, ఆ గచ్చు మీద మోకాళ్ల మీద పడిపోయింది. పిల్లను రెండు చేతులా లాక్కుని గుండెకు అదుముకుంది. "నాకు కావాల! నా బిడ్డవే నువ్వు! నా తల్లే, నా బిడ్డవే, నేను గన్న బిడ్డవే, నా బిడ్డవే..." అని ఆపకుండా అంటూనే ఉంది. పిల్లకు ఊపిరాడక, "విడవమ్మా, విడవమ్మా" అంటోంది. తండ్రి తువ్వాలు తీసి చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడు ఆమెకు స్పృహ వచ్చినట్టుంది. చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నా వైపు చూసిన చూపులో అంత భయం నేను ఏ తల్లి కళ్లలోనూ చూడలేదు.

"అనేసినా అక్కా," అంది. "అనేసినా."

"అనేసినావులే. ఏం కాదు," అన్నాను.

సాయంత్రం రైల్లో వచ్చేటప్పుడు ఆమె పిల్ల మీదినుంచి చూపు తిప్పలేదు. నాయుడుపేటలో తండ్రి వేరుశనక్కాయలు కొనిచ్చాడు. పిల్ల కిటికీ పక్కన కూర్చుని, తొక్కలన్నీ నా ఒళ్లో వేస్తూ తింటూ ఉంది. ఏమీ కాలేదు. మర్నాడు కూడా ఏమీ కాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఏమీ కాలేదు.